క్లయింట్ పంపిన "ఆధునిక బానిసత్వం" ఫారం, మన ఇటుక బట్టీలు: సంతకం పెట్టాలా వద్దా?

పర్చేజ్_బాబు (హైదరాబాద్)

నమస్తే అందరికీ. నేను ఒక మధ్యతరహా కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పర్చేజ్ చూస్తాను, పేరు అడగొద్దు. ఈ మధ్య ఒక విదేశీ కంపెనీ క్యాంపస్ పని మాకొచ్చింది. అగ్రిమెంట్‌తో పాటు ఒక పెద్ద ఫారం కూడా పంపారు. మీ సప్లయర్ల దగ్గర బలవంతపు చాకిరీ లేదు, పిల్లలు పని చేయట్లేదు, ఎవరి ఆధార్ కార్డులూ యజమాని దగ్గర లేవు, అడ్వాన్సు ఇచ్చి ఎవరినీ కదలకుండా చేయట్లేదు అని మేం రాసివ్వాలట. సిమెంటు, స్టీలు పెద్ద కంపెనీలవి కాబట్టి వాళ్ల కాగితాలు వాళ్లే ఇస్తారు. ఇబ్బందల్లా ఇటుక దగ్గరే. టవర్లకు ఏఏసీ బ్లాకులే (తేలికపాటి కాంక్రీటు దిమ్మలు) వాడుతున్నా కాంపౌండ్ వాల్, డ్రెయిన్లు, చిన్నాచితకా పనులన్నిటికీ ఎర్ర ఇటుక తప్పదు, అది ఊరవతల బట్టీల నుంచి వస్తుంది. బట్టీల్లో ఒడిశా కుటుంబాలు ఉంటాయని నాకు తెలుసు, వెళ్లి చూశాను కూడా. మా సార్ మాత్రం "అందరూ పెట్టేదే కదా, సంతకం పెట్టి పంపెయ్" అంటున్నాడు. సంతకం నాది, టెన్షన్ నాది. అసలు అక్కడ జరిగేది ఆ ఫారంలో రాసినదేనా, కాదా? తెలుసుకోవాలంటే బట్టీలో ఏం చూడాలి, ఏం అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

సీఏ_సుబ్బు

పెట్టేయ్ బ్రో. సప్లయర్ దగ్గర ఒక డిక్లరేషన్ తీసుకో, దాని మీద నువ్వు సంతకం పెట్టు. రేపు ఏదైనా అయితే అతని కాగితం నీ దగ్గర ఉంటుంది. ఇక్కడ లిస్టెడ్ కంపెనీలకు షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ పెట్టిన బీఆర్‌ఎస్‌ఆర్ (కంపెనీ సామాజిక బాధ్యతల) రిపోర్టు కూడా ఇదే టైపు. మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి నింపుతున్నాయి, అందులో బలవంతపు చాకిరీ ఫిర్యాదులు ఎన్ని అని ఒక గడి ఉంటుంది, చాలామంది సున్నా వేసి పంపుతారు.

బర్మింగ్‌హామ్_రాణి

సుబ్బు గారు, మీరు చెప్పిన పద్ధతి వల్లే ఈ ఫారాలు రాను రాను లావెక్కుతున్నాయి :) నేను యూకేలో ఒక రిటైల్ కంపెనీలో సరిగ్గా ఈ పనే చేస్తాను. ఇలాంటివి మేమే పంపుతాం కాబట్టి అవతలి గట్టున ఏం జరుగుతుందో చెప్తాను.

ఇక్కడ 2015లో మోడర్న్ స్లేవరీ యాక్ట్ వచ్చింది. అందులో 54వ సెక్షన్ ప్రకారం ఏడాదికి 3.6 కోట్ల పౌండ్లు, ఆపైన టర్నోవర్ ఉన్న కంపెనీలు తమ సప్లై చైన్‌లో బానిసత్వం లేకుండా ఏం చేశాయో ఏటా ఒక ప్రకటన ఇవ్వాలి. తమాషా ఏంటంటే "మేం ఏ చర్యా తీసుకోలేదు" అని రాసినా చట్టం ప్రకారం చెల్లుతుంది. రాయకపోతే జరిమానా అంటూ లేదు. అందుకే చాలా కంపెనీలు నాలుగు మంచి మాటలు, ఒక చిరునవ్వుల ఫోటో పెట్టి సరిపెట్టాయి. 2018లో ఆస్ట్రేలియా తెచ్చిందీ ఇలా రిపోర్టు రాయించే చట్టమే.

కాగితంతో జరగని పని సరుకు ఆపితే జరుగుతుంది. అమెరికాకు 1930 నాటి టారిఫ్ చట్టంలో 307వ సెక్షన్ ఉంది, బలవంతపు చాకిరీతో తయారైన సరుకు రేవులోనే ఆపేయొచ్చు. దశాబ్దాల పాటు అందులో ఒక పెద్ద కన్నం ఉండేది, అమెరికాలో సరిపడా దొరకని సరుకుకు మినహాయింపు. 2016లో ఆ కన్నం పూడ్చారు. తర్వాత చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతం విషయంలో ఇంకా ముందుకెళ్లి, అక్కడి పత్తి గానీ మరేదైనా గానీ బలవంతపు చాకిరీతోనే తయారైందని ముందే అనుకుంటాం, కాదని దిగుమతిదారే నిరూపించుకోవాలి అన్నారు. అది 2022 జూన్ నుంచి అమల్లో ఉంది. యూరోపియన్ యూనియన్ కూడా 2024లో ఇలాంటి సరుకు మీద నిషేధం పాస్ చేసింది, 2027 డిసెంబర్ నుంచి అమలు. మీ క్లయింట్‌కు హడావుడి ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది.

రిటైర్డ్_లేబర్_ఆఫీసర్

బర్మింగ్‌హామ్ అమ్మాయి చెప్పిన "కాదని నువ్వే నిరూపించుకో" అన్నది కొత్తదేం కాదమ్మా. మన బాండెడ్ లేబర్ (వెట్టిచాకిరీ) చట్టం 1976లోది. ఎమర్జెన్సీలో 1975 అక్టోబర్‌లో ఆర్డినెన్సుగా వచ్చి తర్వాత చట్టమైంది. అందులో 15వ సెక్షన్ చూడు. ఇది వెట్టి అప్పు అని కూలీ అంటే, కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే. కూలీ దగ్గర కాగితం ఎక్కడుంటుంది, పుస్తకం మొత్తం యజమాని దగ్గరే కదా, అందుకని అలా రాశారు.

బాబూ, నువ్వు అడిగినదానికి వస్తాను. అడ్వాన్సు ఇచ్చినంత మాత్రాన వెట్టి కాదు. అడ్వాన్సుకు బదులుగా మనిషి ఏం వదులుకున్నాడో చూడమంటుంది చట్టం. వేరే చోట పనికి వెళ్లగలడా? ఊళ్లో చావు వస్తే వెళ్లి రాగలడా? తన కష్టాన్ని బయటి రేటుకు అమ్ముకోగలడా? కనీస వేతనం గిడుతోందా? వీటిలో ఏ ఒక్కటి పోయినా, దాని వెనక అడ్వాన్సు ఉంటే అది బాండెడ్ లేబరే. కొట్టక్కర్లేదు, గొలుసులు వేయక్కర్లేదు. 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) కట్టడాల కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట అంది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడమే రాజ్యాంగం 23వ ఆర్టికల్ కింద బలవంతపు చాకిరీ, ఆకలి కూడా బలవంతమే అని. ఆ తీర్పు చదవని బిల్డర్లు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు, వాళ్ల లాయర్లకు మాత్రం తెలుసు.

సర్వీసులో నేను చూసినదాంట్లో యజమానులందరూ నోటికి తెచ్చుకునే మాట ఒకటే, "వాళ్లే వచ్చారు సార్, మేం పిలవలేదు."

సుల్తానాబాద్_బట్టీ

మాది పెద్దపల్లి వైపు, నాన్నకు బట్టీ ఉంది, ఇప్పుడు నేను చూసుకుంటున్నా. ఇక్కడ అందరూ మమ్మల్ని దొంగల్లా మాట్లాడుతున్నారు కాబట్టి మా లెక్క కూడా వినండి.

దసరా టైమ్‌కు సర్దార్‌కు, అంటే కూలీలను కుదిర్చి పంపే మధ్యవర్తికి, డబ్బు పంపాలి. కుటుంబానికి ఇంతని అడ్వాన్సు, దాని మీద సర్దార్ కమిషన్, రైలు ఖర్చులు. అంతా మా జేబులోంచే, లేదా నెలకు వందకు రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి. వచ్చినవాళ్లు పది రోజులకే రాత్రికి రాత్రి పక్క బట్టీకి వెళ్లిపోతే ఆ డబ్బు ఎవరిస్తారు? లేబర్ ఆఫీసరు గారిస్తారా? ఇంకోటి, మీ బిల్డర్లు ఇటుక తీసుకుని మూడు నెలలకు, నాలుగు నెలలకు బిల్లు పాస్ చేస్తారు. అప్పటిదాకా కూలీలకు వారం వారం ఖర్చులకు ఇవ్వడమే మాకు గగనం. వెయ్యి ఇటుక మీద వంద రూపాయలు పెంచుదామంటే పక్క బట్టీవాడు తగ్గించి ఇస్తాడని ఈ పర్చేజ్ బాబులే బెదిరిస్తారు. ఇప్పుడు ఫారం పట్టుకుని మా దగ్గరికి వస్తారా? ముందు బాకీ బిల్లులు పట్టుకుని రమ్మనండి.

పర్చేజ్_బాబు (హైదరాబాద్)

అన్నా, నువ్వు చెప్పింది నేను కాదనను. మా టర్మ్స్ 90 రోజులు, అది కూడా కాగితం మీద.

పాలమూరోడు

బట్టీ అన్నా, నీ బాధ నిజమే. కానీ నువ్వు చెప్పిన ఆ సర్దార్ లెక్క మా తాతకు జరిగిందే. మాది పాలమూరు. మా దగ్గర గుంపు మేస్త్రీ అనేవాళ్లు. పండగప్పుడో, పెళ్లి ఖర్చప్పుడో ఇంటికొచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు, తర్వాత లారీ ఎక్కించి ఎక్కడికో. నాగార్జునసాగర్ దగ్గర్నుంచి దేశంలో ఎన్ని డ్యాములు, కాలువలు, రోడ్లు పాలమూరు లేబర్ కట్టారో లెక్కే లేదు. సీజన్ ఆఖర్న లెక్క చూస్తే ఎప్పుడూ మనమే బాకీ ఉండేవాళ్లం. తాత చదువుకోలేదు, పుస్తకం మేస్త్రీది, పెన్ను మేస్త్రీది.

ఇప్పుడు మా ఊళ్లల్లోకే ఒడిశా వాళ్లు, బీహార్ వాళ్లు వస్తున్నారు. అదే అడ్వాన్సు, అదే మేస్త్రీ. మా వాళ్లలో కొందరు మేస్త్రీలే అయ్యారు. అది ఇంకా సిగ్గు.

బడి_టీచర్

నేను కొన్ని సీజన్లు బట్టీల దగ్గరి బడిలో పిల్లలకు చెప్పాను. ఒడియా పుస్తకాలతో నడిచే బడులు మన తెలంగాణలో బట్టీల పక్కనే ఉన్నాయని చాలామందికి తెలీదు. బలంగీర్, నువాపడా, కలహండి, ఎక్కువమంది ఈ మూడు జిల్లాల వాళ్లే. నువాఖాయి పండగ అయ్యాక బయల్దేరతారు, వానలు పడే ముందు వెళ్లిపోతారు.

బాబు గారు, మీరు బట్టీకి వెళ్తే ఒకటి గమనించండి. అడ్వాన్సు మనిషికి ఇవ్వరు, "పథురియా"కు ఇస్తారు. అంటే ఒక జట్టు, మొగుడూ పెళ్లాం, వాళ్లతో ఒకరిద్దరు పిల్లలు. లెక్క అంతా ఆ జట్టు ఎన్ని వేల ఇటుక పోసిందన్న దాని మీదే. ఇక పిల్లాడు పని చేయకుండా ఎలా ఉంటాడు? మట్టి కలిపేది నాన్న, అచ్చు పోసేది అమ్మ, ఆరిన ఇటుకను తిప్పి పేర్చేది పిల్లలు. తెల్లారుజామున మూడింటికి లేచి చేస్తారు. "మా బట్టీలో బాలకార్మికులు లేరు" అని యజమాని అంటే అతని దృష్టిలో అది నిజమే, పిల్లలకు అతను జీతం ఇవ్వట్లేదు కదా, మస్టర్‌లో (హాజరు పుస్తకంలో) పేరు లేదు కదా. భార్యకూ అంతే, ఆమె పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. ఇటుకలన్నీ మొగుడి ఖాతాలోనే పడతాయి. ఆయనకు జ్వరం వచ్చి పడుకున్న వారం ఆమె పోసిన ఇటుకలు కూడా!

అందుకే నేను ఎవరికైనా చెప్పేది, పిల్లలు కనపడ్డారా అని కాదు, లెక్క జట్టు పేరు మీదా, మనిషి పేరు మీదా అని అడగండి.

సీఏ_సుబ్బు

ఈ పాయింట్ నాకు తెలీదు మేడం. అంటే మస్టర్‌లో మనుషులే లేకపోతే కనీస వేతనం వచ్చిందో లేదో లెక్క కట్టడానికి కూడా వీలుండదు. పది వేల రూపాయలను ఒకరితో భాగించాలా ముగ్గురితోనా?

బడి_టీచర్

అదే మరి. ఒకరితో భాగిస్తే కనీస వేతనం దాటినట్టు కనపడుతుంది, ముగ్గురితో భాగిస్తే సగం కూడా ఉండదు.

గల్ఫ్_రిటర్న్ (జగిత్యాల)

ఇటుకల సంగతి ఏమో గానీ మాకు దుబాయ్, ఖతర్‌లో జరిగింది కూడా ఇదే, కాకపోతే అడ్వాన్సు తలకిందులు. బట్టీలో యజమాని కూలీకి ఇస్తాడు, గల్ఫ్‌కైతే మనమే ఏజెంట్‌కు కట్టి వెళ్తాం. చట్టం ప్రకారం ఏజెంట్ తీసుకోవాల్సింది 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతే. మా ఊళ్లో లక్ష దాటకుండా వెళ్లినవాడిని నేను చూడలేదు. ఆ అప్పు తీరేదాకా పాస్‌పోర్టు కంపెనీ దగ్గరున్నా, జీతం మూడు నెలలు ఆగినా నోరు మూసుకుని పని చేయాలి, ఎందుకంటే ఇక్కడ వడ్డీ పెరుగుతుంటుంది. మలేషియాలో గ్లౌజుల కంపెనీల్లో కూడా ఇదే గొడవ. టాప్ గ్లోవ్ అనే పెద్ద కంపెనీ సరుకును అమెరికా 2020లో ఆపేసింది. కార్మికులు ఏజెంట్లకు కట్టిన డబ్బును కంపెనీ వెనక్కి ఇచ్చాక, 2021 సెప్టెంబర్‌లో ఆంక్ష ఎత్తేశారు. అంటే చేయాలనుకుంటే చేయొచ్చు.

ఇంకా కంబోడియాలో మన పిల్లలను సైబర్ మోసాలకు పెడుతున్నారు, దాని గురించి కూడా

మోడరేటర్

గల్ఫ్ అన్నా, కంబోడియా సైబర్ కేసులకు వేరే థ్రెడ్ ఉంది, అక్కడ రాయండి, ఇక్కడ కలిపితే రెండూ పోతాయి. గ్లౌజుల ఉదాహరణ మాత్రం బాగుంది.

బర్మింగ్‌హామ్_రాణి

గల్ఫ్ గారి మాటకు ఇంకొంచెం కలుపుతాను. మా వైపు కంపెనీల్లో అందరూ నేర్చుకోవాల్సిన పాఠం ఆడిట్ల మీద పెట్టుకున్న నమ్మకం గురించి. కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీకి 2012 ఆగస్టులో ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది, కార్మికుల హక్కులకు అప్పట్లో అంతకంటే పేరున్న ముద్ర లేదు. సెప్టెంబర్ 11న అది తగలబడింది. కిటికీలకు ఊచలు, తలుపులు మూసి ఉన్నాయి, 250 మందికి పైగా చనిపోయారు. సర్టిఫికెట్ మీద సిరా తడి కూడా ఆరలేదు. ఆడిటర్ వచ్చే రోజు ముందే చెప్తారు, వచ్చినవాడు యజమాని ఆఫీసులో కూర్చుని, యజమాని ఎంచిన కూలీలతో, యజమాని దుబాసీ ద్వారా మాట్లాడి వెళ్తాడు. అలాంటి ఆడిట్‌లో బలవంతపు చాకిరీ ఎలా కనపడుతుంది? కూలీకి తన అప్పు ఎంత మిగిలిందో తెలుసా, అతనికి వెళ్లిపోవాలని ఉంటే ఏమవుతుంది, ఈ రెండూ మస్టర్‌లో ఉండవు.

గద్వాల్_సీడ్

ధర సంగతి ఎత్తారు కాబట్టి మా సీడ్ పత్తి సంగతి చెప్తా, ఇటుకకు కూడా పనికొస్తుంది. గద్వాల చుట్టుపక్కల, అటు కర్నూలు, నంద్యాల వైపు హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తాం. పని ఎలా ఉంటుందంటే ముందు రోజు సాయంత్రం ఆడ మొక్క మొగ్గను గిల్లి, లోపలి మగ భాగం తీసేయాలి, మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెచ్చి దానికి అద్దాలి. ప్రతి మొగ్గకూ చేత్తోనే. ఎకరానికి రోజూ ఎంతమంది కావాలో ఊహించుకోండి. అందుకే ఆడపిల్లలు. "చిన్న వేళ్లు అయితే మొగ్గ చెడదు" అని మా పెద్దవాళ్లు అనేవాళ్లు, అదంతా వట్టిదే, పెద్దవాళ్లకు ఇచ్చే కూలి ఇవ్వలేక చెప్పే మాట. పిల్ల తండ్రికి వేసవిలోనే అడ్వాన్సు ఇచ్చేవాళ్లు, సీజన్ అంతా పిల్ల వచ్చేది.

2000 తర్వాత దీని మీద రిపోర్టులు వచ్చాయి, యూరప్‌లో గొడవైంది. పెద్ద విత్తన కంపెనీలు ముందు "మాకేం సంబంధం, మేం రైతు దగ్గర కొనట్లేదు, మధ్యలో ఉండే ఆర్గనైజర్ దగ్గర కొంటున్నాం" అన్నాయి. ఇదిగో, బాబు వాళ్ల సార్ అన్నట్టే. రిపోర్టు రాసినవాళ్లు ఒక లెక్క తేల్చారు. కంపెనీ ఇచ్చే ధరకు రైతు పెద్దవాళ్లకు బయటి కూలి ఇస్తే చేతికి ఏమీ మిగలదు. అంటే ధరలోనే పిల్ల పని కలిసి ఉంది. తర్వాత బేయర్ లాంటి కంపెనీలు పిల్లలను పెట్టని రైతుకు ధర మీద 5 శాతం బోనస్ ఇచ్చాయి, పెడితే కోత, మళ్లీ పెడితే ఒప్పందం రద్దు, పైగా పొలాల్లోకి చెప్పకుండా వచ్చి చూసేవాళ్లు. అటు ఊళ్లలో ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు పిల్లలను బడిలో వేయించే పని ముందు నుంచీ చేస్తున్నారు. ఆ కంపెనీల పొలాల్లో పిల్లలు తగ్గారు. చిన్న కంపెనీలకు పండించే పొలాల్లో అంతగా తగ్గలేదు. ఇంకా కొంత పోలేదు, మేం రోజూ చూస్తూనే ఉన్నాం. అమెరికా లేబర్ డిపార్ట్‌మెంట్ ఇచ్చే జాబితాలో ఇండియా పేరు పక్కన ఇటుకలూ ఉన్నాయి, హైబ్రిడ్ పత్తి విత్తనమూ ఉంది.

సుల్తానాబాద్_బట్టీ

సీడ్ అన్నా, ఇదే నేను మొత్తుకుంటున్నది. బోనస్ ఇస్తే ఎవడు వద్దంటాడు. మాకు ఎవడిచ్చాడు?

రిటైర్డ్_లేబర్_ఆఫీసర్

బట్టీ బాబూ, ధర పెంచితే నీ జేబులో ఆగదని గ్యారంటీ ఏమిటి? కోపం వద్దు. నేను చూసిన బట్టీల్లో రేటు బాగా పలికిన సీజన్‌లో కూడా కూలీకి ఇచ్చే వెయ్యి రేటు (వెయ్యి ఇటుకలకు ఇచ్చే కూలి) మారలేదు. అందుకే పెంచిన డబ్బు నేరుగా కూలీ చేతికి వెళ్లేలా రాసుకోవాలి.

ఇక సర్దార్ సంగతి. ఒడిశాలో దీన్ని దాదన్ అంటారు. దాదన్ లేబర్ మీద ఒడిశా 1975లోనే చట్టం చేసింది, అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. రిజిస్ట్రేషన్, లైసెన్సు, ప్రయాణ ఖర్చు, అన్నీ రాశారు. ఎవడూ పాటించలేదు, మా డిపార్ట్‌మెంట్‌లో ఇన్‌స్పెక్టర్లే లేరు, ఉన్నవాళ్లలో కొందరు ఉన్నా లేనట్టే. ఇప్పుడు 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, ఆ పాత చట్టం వాటిలో కలిసిపోయింది. బాండెడ్ లేబర్ చట్టం మాత్రం కలవలేదు, విడిగానే ఉంది, బాధ్యత కలెక్టర్‌దే. అది గుర్తుంచుకోండి, ఎందుకంటే కొందరు లాయర్లు "పాత చట్టాలన్నీ పోయాయి" అని చెప్తున్నారు.

2013 డిసెంబర్‌లో ఒడిశాలో అడ్వాన్సు తీసుకుని పనికి రానన్నారని ఇద్దరు కూలీల కుడి అరచేతులు నరికేశారు. సుప్రీంకోర్టు తనంతట తాను విచారణకు తీసుకుంది. అడ్వాన్సు పోతుందని భయపడే యజమానికి, ఆ అడ్వాన్సు కోసం ఎంత దూరమైనా వెళ్లే మనిషికి మధ్య సర్దార్ ఉంటాడు. నువ్వు మంచివాడివే కావచ్చు, నీ డబ్బు ఎవరి చేతిలో తిరుగుతోందో నీకు తెలీదు.

సుల్తానాబాద్_బట్టీ

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు సార్. మా సర్దార్ అలాంటివాడు కాదని నా నమ్మకం. కానీ మీరన్నట్టు ఊళ్లో అతను ఎలా మాట్లాడతాడో నేను చూడలేదు.

సీఏ_సుబ్బు

ఇదంతా ఎందుకు, ఎర్ర ఇటుక మానేసి ఫ్లైయాష్ (బొగ్గు బూడిద) ఇటుక, ఏఏసీ బ్లాకులకు పూర్తిగా మారిపోతే? ఫారం క్లీన్.

పాలమూరోడు

ఫారం క్లీన్, మనుషులు ఎటు పోతారు? వాళ్ల ఊళ్లో వానలు లేక, పని లేక కదా వస్తున్నారు. నువ్వు కొనడం ఆపేస్తే వాళ్లు ఇంకా తక్కువ రేటుకు, ఇంకా దూరం వెళ్తారు. పైగా నీ ఫ్లైయాష్ యూనిట్‌లో ఎవరు పని చేస్తున్నారో వెళ్లి చూశావా?

బర్మింగ్‌హామ్_రాణి

పాలమూరు గారితో ఏకీభవిస్తాను. మా కంపెనీలో కూడా ఏదైనా బయటపడితే మొదటి ఆలోచన "ఆ సప్లయర్‌ను తీసేయ్". అలా చేస్తే మిగతా సప్లయర్లు నేర్చుకునేది దాచడం ఒక్కటే. కొనడం ఆపేది ఆఖరున, యజమాని మారనని మొండికేస్తే. దెబ్బలు, బంధించడం లాంటివి ఉంటే మాత్రం వెంటనే కలెక్టర్‌కు చెప్పాలి, అక్కడ బేరాలు లేవు.

బాబు గారు, ఫారంలో "లేదు" అని రాయకండి. "రిస్క్ ఉంది, ఇవి చూశాం, ఇవి మారుస్తున్నాం, ఫలానా నెలకు మళ్లీ చెప్తాం" అని రాయండి. చదివేది నాలాంటివాళ్లే. ఇటుక కొంటూ అన్నిటికీ సున్నా వేసిన ఫారం వస్తే మేం నమ్మం, నిజంగా. ఇంకో పని చేయండి, ఆ క్లయింట్‌కే తిరిగి ఒక ప్రశ్న వేయండి. మీరు మాకు ఎన్ని రోజుల్లో చెల్లిస్తారు, మేం బట్టీకి ముందే చెల్లిస్తే ఆ వడ్డీలో మీ వాటా ఎంత అని. ఫారాలు ఎప్పుడూ పైనుంచి కిందకే వస్తాయి, డబ్బు కూడా రావాలి కదా.

రిటైర్డ్_లేబర్_ఆఫీసర్

అమ్మాయి కలెక్టర్ అంది కాబట్టి ఒకటి చెప్పాలి. ఎవరైనా కుటుంబం వెళ్లిపోతామంటే, యజమాని వదలకపోతే, పోలీసులతో విడిపించి రాత్రికి రాత్రే రైలెక్కించడం పెద్ద పొరపాటు. మంచి ఉద్దేశంతోనే చేస్తారు. కానీ రిలీజ్ సర్టిఫికెట్, అంటే వెట్టి నుంచి విడుదల చేసినట్టు అధికారులు ఇచ్చే కాగితం, లేకుండా వెళ్తే వాళ్లకు ఏమీ రాదు. వెట్టి కూలీల పునరావాసానికి పెట్టిన 2016 పథకం ప్రకారం మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు రెండు లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో మూడు లక్షలు. వెంటనే ఇచ్చే సాయం 20 వేల దాకా ఉండేది, తర్వాత 30 వేల దాకా పెంచారు. పెద్ద మొత్తం కేసు తేలాక గానీ రాదు, అది వేరే బాధ. కనీసం ఆ సర్టిఫికెట్ ఉంటే పాత అప్పు చెల్లదు అన్న కాగితం చేతిలో ఉంటుంది, సర్దార్ ఊరికి వచ్చి అడిగితే చూపించుకోవచ్చు. చెల్లని అప్పును వసూలు చేయడం కూడా నేరమే.

పర్చేజ్_బాబు (హైదరాబాద్)

అందరికీ థాంక్స్. మొన్న ఒక బట్టీకి వెళ్లొచ్చాను, చెప్పకుండానే. పుస్తకం చూపించమంటే గుమస్తా మొదట నసిగాడు, మేం పెద్ద కొనుగోలుదారులం కాబట్టి చూపించాడు. టీచర్ అక్క చెప్పినట్టే, ఒక్కో జట్టుకు ఒకే పేరు, మగవాళ్లదే. అడ్వాన్సు ఎంత, ఎంత పట్టుకున్నారు అన్నది ఒక గడిలో, వారం ఖర్చులు ఇంకో గడిలో, వెయ్యి రేటు ఎక్కడా రాసి లేదు. రేటు ఎంతని కూలీలను అడిగితే ముగ్గురు మూడు చెప్పారు. ఆధార్ కార్డులు ఆఫీసు బీరువాలో ఉన్నాయి, "భద్రంగా ఉంటాయని వాళ్లే ఇచ్చారు సార్" అన్నాడు ఓనరు. అడిగినవాళ్లకు అక్కడికక్కడే ఇప్పించాను, దాదాపు అందరూ తీసుకున్నారు!

మా సార్‌తో గంటసేపు గొడవ. చివరికి ఒప్పుకున్నదేంటంటే ఇటుక బిల్లులు 90 రోజుల నుంచి 15 రోజులకు తెస్తాం. బదులుగా ఓనరు రేటు గోడ మీద ఒడియాలో రాయించాలి, భార్యాభర్తలకు విడివిడిగా లెక్క రాయాలి, నెలకోసారి బ్యాంకు ఖాతాలో వేయాలి, సీజన్ ఆఖరుదాకా ఆపకూడదు. ధర పెంచడానికి మాత్రం సార్ ససేమిరా అన్నాడు. ఫారంలో రాణి గారు చెప్పినట్టే రాశాను, సార్ చూసి ముఖం మాడ్చుకున్నాడు గానీ పంపమన్నాడు.

సుల్తానాబాద్_బట్టీ

15 రోజులా? మా వైపు కూడా కొనండి సార్, గోడ మీద ఏం రాయమంటే అది రాయిస్తా. జోక్ కాదు. కానీ నెల నెలా మొత్తం ఇచ్చేస్తే మధ్యలో వెళ్లిపోరా అన్న భయం పోలేదు నాకు.

గద్వాల్_సీడ్

నెల నెలా డబ్బు వస్తుంటే ఎందుకు పోతారన్నా. డబ్బు నీ దగ్గర ఆగిందనే కదా పొమ్మన్నా పోలేక ఉంటున్నారు.

పాలమూరోడు

ధర పెంచకుండా 15 రోజుల్లో చెల్లించి, దాన్ని గొప్పగా చెప్పుకుంటారు చూడండి క్లయింట్ మీటింగ్‌లో. బాబూ, నిన్ను అనట్లేదు. మీ సార్‌ను అంటున్నా. వచ్చే సీజన్‌కు దసరా ముందే రేటు మాట్లాడు, అడ్వాన్సులు పడ్డాక మాట్లాడితే ఏం లాభం లేదు.

బడి_టీచర్

బాబు గారు, బ్యాంకు ఖాతాల దగ్గర జాగ్రత్త. ఏటీఎం కార్డులు సర్దార్ దగ్గరే ఉంటాయి చాలాసార్లు, పిన్ కూడా అతనికే తెలుసు. ఆడవాళ్ల పేరు మీద ఖాతా ఉందో లేదో, కార్డు ఆమె చేతిలోనే ఉందో లేదో చూడండి. సీజన్ ఆఖర్న లెక్క తెంచే రోజు మీరుగానీ మీ మనిషిగానీ అక్కడ ఉండండి, పుస్తకం చదివి వినిపించాలి, ఒక్కో కుటుంబానికి విడిగా, సర్దార్ పక్కన లేకుండా. ఒడియా చదివే మనిషి కావాలంటే నేను వస్తాను, ఇద్దరు పాత విద్యార్థులు కూడా ఉన్నారు, ఇప్పుడు ఇంటర్ చదువుతున్నారు.

పర్చేజ్_బాబు (హైదరాబాద్)

తప్పకుండా అక్కా. జూన్ మొదటి వారం అయితే కుదురుతుందా? మేలో మాకు స్లాబ్ పనులు ఉన్నాయి.

బడి_టీచర్

జూన్ అంటే ఆలస్యం. వానలు ముందే వస్తే మే ఆఖరుకే రైలెక్కేస్తారు. మే మూడో వారం పెట్టుకోండి, తేదీ ఓనరుకు ఒక రోజు ముందు చెప్తే చాలు.